నలభై మందికి నలభై పాఠాలు అక్కర్లేదు

రకరకాల పిల్లలున్న క్లాసుకి ఎలా చెప్పాలి అనే విషయం మీద ఏ ట్రైనింగ్‌కి వెళ్ళినా మొదటి గంటలోనే ఒక మాట వినిపిస్తుంది: ప్రతి బిడ్డా ప్రత్యేకం, కాబట్టి ప్రతి ఒక్కరికీ తగ్గట్టు చెప్పండి. వినడానికి బాగానే ఉంటుంది. మరి నలభై మందిని కూర్చోబెట్టుకుని, ఒకదాని వెంట ఒకటి పీరియడ్లు చెప్పి, సాయంత్రానికి నోట్‌బుక్కుల గుట్ట ముందేసుకునే టీచరు ఆ మాట పట్టుకుని ఏం చెయ్యాలి? నలభై లెసన్ ప్లాన్లు రాయాలా? అది అయ్యే పని కాదని వినేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. అందుకే చాలామంది అక్కడ తలూపి వచ్చేసి మర్నాడు ఎప్పటిలాగే పాఠం మొదలుపెడతారు, వాళ్ళని నేను తప్పుపట్టను.

నేను చేసేది ఇంకోలా ఉంటుంది. పిల్లల్ని రకాలుగా విడదీసే పని పెట్టుకోను. ఒకే పాఠంలో ఎవరు ఎక్కడ జారిపోతున్నారో చూసి, ఆ చోటుని సరిచేస్తాను. ఒకరి కోసం చేసిన సర్దుబాటు దాదాపు ఎప్పుడూ ఇంకో పదిమందికి పనికొస్తుంది. కింద రాసినవన్నీ అలా పనికొచ్చినవే, వీటిలో దేనికీ కొత్త సామాను అక్కర్లేదు, సెలవు రోజంతా కూర్చుని చార్టులు కత్తిరించక్కర్లేదు.

ముందొక మాట. ఈ విషయం ఎత్తగానే చాలామందికి డాక్టరు సర్టిఫికెట్ ఉన్న ఒకరిద్దరు పిల్లలే గుర్తొస్తారు. కానీ క్లాసులో ఉండే తేడాలు అంతకన్నా చాలా ఎక్కువ: మెల్లగా చదివేవాళ్ళు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళు, ఒక చెవి సరిగ్గా వినపడకపోయినా ఎవరికీ చెప్పనివాళ్ళు, జబ్బు చేసి నెలరోజుల పాఠాలు పోగొట్టుకున్నవాళ్ళు, అన్నీ తెలిసి బోర్ కొట్టి కిటికీలోంచి చూసేవాళ్ళు, నోరు తెరవాలంటేనే గుండె దడదడలాడేవాళ్ళు. పైగా లెక్కల పీరియడ్‌లో వెనకబడ్డవాడే తర్వాతి పీరియడ్‌లో బొమ్మలు వేసేటప్పుడు అందరికీ చూపించేవాడవుతాడు. రంగుల సంగతే చూడండి. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, మిగతా చోట్ల ఈ లెక్క కొంత తక్కువ ఉండొచ్చు గానీ సున్నా మాత్రం కాదు. మనమేమో ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర చాక్‌పీస్‌తో ముఖ్యమైన పదాలు రాసి "ఎరుపులో ఉన్నవి నేర్చుకోండి" అంటాం. ఎరుపుతో పాటు కింద గీత కూడా గీస్తే సరిపోతుంది. ఆ పిల్లవాడు ఎవరో మనకి తెలియనే అక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది, ఎక్కువమంది పట్టించుకోనిది: ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. అంతలోనే ఇంకొకర్ని అడగడమో, తామే జవాబు చెప్పెయ్యడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనుని మూడు సెకన్లకి పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, తెలీదనే సమాధానాలు తగ్గాయి, పిల్లలే ఎదురు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు, అప్పటిదాకా డల్ అని ముద్రపడ్డవాళ్ళు ఎక్కువ మాట్లాడారు. మూడు సెకన్లంటే ఎంత తక్కువో అనిపిస్తుంది కదా, ఒకసారి నిశ్శబ్దంగా ఉన్న క్లాసు ముందు నిలబడి మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత పొడుగ్గా ఉంటుందో. నోరు దురద పెడుతుంది. ఆ దురద ఆపుకోవడమే ఇక్కడ మనం నేర్చుకోవలసిన విద్య. రెండో చోట కూడా ఆగాలి, అది ఇంకా కష్టం: పిల్లవాడు జవాబు చెప్పిన తర్వాత. వెంటనే "వెరీ గుడ్" అనేస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. ఏమీ అనకుండా కాసేపు చూస్తే, వాడే "ఎందుకంటే..." అని ఇంకో మాట కలుపుతాడు, లేదా పక్కవాడు "కాదు టీచర్" అంటాడు.

అయితే ఊరికే ఆగితే చేతులెత్తే ఆ నలుగురే మళ్ళీ ఎత్తుతారు. అందుకని ఆ ఆగిన సమయంలో అందరికీ ఒక పని ఉండాలి. 1981లో ఫ్రాంక్ లైమన్ చెప్పిన పద్ధతి చాలామంది టీచర్లకి తెలిసిందే: ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించడం, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడడం, ఆ తర్వాత క్లాసుకి చెప్పడం. తెలిసినా మనం మొదటి మెట్టు దాటేస్తుంటాం, నేరుగా "పక్కవాళ్ళతో మాట్లాడండి" అంటాం. అప్పుడు చురుకైనవాడు చెప్పేస్తాడు, రెండోవాడు తలూపేస్తాడు, ఇద్దరూ పని చేసినట్టే కనిపిస్తుంది. ముందు రెండు లైన్లు నోట్‌బుక్‌లో రాయమనండి, తప్పైనా పర్లేదనండి, రాయలేనివాళ్ళు బొమ్మ గీసినా సరే. రాసిన తర్వాతే మాట్లాడాలి. అప్పుడు ఎవరిని లేపినా వాళ్ళ చేతిలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, పక్కవాడు చెప్పినది చెప్పినా ఒప్పుకుంటాం.

మరీ భయపడే పిల్లలకి నేను ముందురోజే చెప్తాను, "రేపు మూడో ప్రశ్న నిన్నే అడుగుతా, చూసుకుని రా" అని. అది మోసం ఎలా అవుతుందండీ? వాడికి విషయం తెలుసు, నలుగురిలో లేచి చెప్పడమే రాదు, ఆ రెండోది అలవాటు చేస్తున్నాం. నత్తి ఉన్న పిల్లల విషయంలో ఇంకొకటి: వాక్యం మనం పూర్తిచెయ్యకూడదు, "నెమ్మదిగా చెప్పు, గాలి పీల్చుకో" అని సలహాలు కూడా ఇవ్వకూడదు. వాళ్ళ ముఖం చూస్తూ, చెప్పేది వింటూ ఉంటే చాలు. మిగతా క్లాసు మనల్ని చూసే నేర్చుకుంటుంది.

ఇప్పుడు సూచనల సంగతి. "పుస్తకం తీసి ముప్ఫై నాలుగో పేజీలో రెండో బొమ్మ చూసి కింద ఉన్న మొదటి మూడు ప్రశ్నలకి జవాబులు రఫ్‌లో రాసి పక్కవాళ్ళతో సరిచూసుకుని ఫెయిర్‌లో ఎక్కించండి." ఈ వాక్యం మనకి ఒక పని, వినేవాడికి ఏడు పనులు. మనస్తత్వ పరిశోధకుడు నెల్సన్ కోవన్ 2001లో రాసిన ప్రకారం పెద్దవాళ్ళే ఒకసారికి నాలుగు ముక్కలకి మించి మనసులో నిలుపుకోలేరు, పిల్లలకి అంతకన్నా తక్కువ. నాలుగో ముక్క దగ్గర జారిపోయినవాడు పక్కకి తిరిగి "ఏం చెయ్యమన్నారు?" అని అడుగుతాడు, మనం "మాటలేంటక్కడ" అని కసురుతాం. క్రమశిక్షణ గొడవలు అనుకునేవాటిలో సగం ఇలా పుట్టినవే అని నా అభిప్రాయం. మందు చాలా చిన్నది: పనులు బోర్డు మీద ఒక పక్క ఒకటి, రెండు, మూడు అని పొట్టి మాటల్లో రాసి, పీరియడ్ అయ్యేదాకా చెరపకుండా ఉంచడం. సరిగ్గా వినపడనివాడికి, ధ్యాస చెదిరినవాడికి, భాష కొత్తైనవాడికి, ఆలస్యంగా వచ్చినవాడికి, అందరికీ అదే పనిచేస్తుంది. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకండి. పెదాలు చూసి అర్థం చేసుకునే పిల్లలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, దానికి ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే జవాబు వస్తుంది. "ఇప్పుడు మొదట ఏం చేస్తావ్?" అని అడగండి.

తర్వాతది కొంచెం వాదనతో కూడుకున్న విషయం. ఏ పని ఇచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: నేను కొలవాలనుకుంటున్నది ఏంటి, దానికి అడ్డొస్తున్నది ఏంటి? లెక్కల పరీక్షలో ఐదు లైన్ల ప్రశ్న ఉంది. కొలవాలనుకున్నది భిన్నాలు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లవాడికి అడ్డొస్తున్నది చదవడం, తెలివికి దానితో సంబంధం లేదు. ప్రశ్న గట్టిగా చదివి వినిపిస్తే భిన్నాల్లో వాడెంతవాడో తెలుస్తుంది. వినిపించకపోతే చదవడంలో ఎంతవాడో మళ్ళీ ఒకసారి తెలుస్తుంది, అది మనకి ముందే తెలుసు కదా. సైన్సులో కిరణజన్యసంయోగక్రియ అర్థమైందో లేదో చూడాలంటే నోటితో చెప్పినా, బొమ్మ వేసి బాణాలు గీసినా ఒప్పుకోవచ్చు. అదే అక్షరదోషాల కోసం పెట్టిన డిక్టేషన్ అయితే అక్కడ సడలింపు కుదరదు, ఎందుకంటే అక్కడ కొలుస్తున్నదే అది.

స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట అనగానే వచ్చే ప్రశ్న: "మరి మిగతా పిల్లలకి అన్యాయం కాదా? వాడికొక్కడికే ఎక్కువ టైమ్ ఇస్తే?" నిజానికి వేగాన్ని కొలవాలని ఆ పరీక్ష పెట్టకపోతే, మిగతావాళ్ళకి కూడా టైమ్ ఇవ్వండి, ఎవరు వద్దన్నారు. నేను క్లాసు పరీక్షల్లో గంటకి నలభై నిమిషాల పేపరే పెడతాను. తొందరగా అయినవాళ్ళు సరిచూసుకుంటారు, మెల్లగా రాసేవాళ్ళు పూర్తిచేస్తారు, ఎవరికీ ప్రత్యేకంగా పర్మిషన్ రాయక్కర్లేదు, ఎవరి మీదా నలుగురి చూపు పడదు. అమెరికాలో 1984లో మొదలైన క్యాస్ట్ అనే సంస్థ ఈ ఆలోచనని పెద్ద చట్రంగా తయారుచేసింది: ఆసక్తి పుట్టించడానికి, విషయం అందించడానికి, నేర్చుకున్నది చూపించడానికి, మూడింటికీ ఒకటికన్నా ఎక్కువ దారులు ముందే పాఠంలో పెట్టమంటుంది. వాళ్ళ మార్గదర్శకాలు చాలా పొడుగు. అన్నీ చదివే ఓపిక లేకపోతే పైన చెప్పిన ఆ ఒక్క ప్రశ్న వేసుకున్నా చాలావరకు అక్కడికే చేరతాం.

భాష విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే టీచర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కొత్త భాషలో చదువుకుంటున్న పిల్ల ఆటస్థలంలో గలగలా మాట్లాడుతుంది, జోకులేస్తుంది, గొడవపడుతుంది. పరీక్ష పేపర్ మాత్రం ఖాళీ. మనకేమనిపిస్తుంది? "భాష వచ్చుగా, బద్ధకం." రెండు భాషల పిల్లల చదువు మీద పనిచేసిన పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ఈ తేడాని విడదీసి చూపించారు: కబుర్ల భాష వేరు, పాఠాల భాష వేరు. మొదటిది రెండేళ్ళలో పట్టుబడుతుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చు. ఆటలో చేతులు, ముఖాలు, ఎదురుగా ఉన్న వస్తువులు సాయం చేస్తాయి. పుస్తకంలో ఆ సాయం ఏదీ ఉండదు.

మరి చెయ్యాల్సిందేంటంటే, ఆ పిల్లల్ని ముందు వాళ్ళ భాషలోనే ఆలోచించనివ్వండి, అదే భాష మాట్లాడే ఇంకొకరుంటే వాళ్ళతో చర్చించనివ్వండి, జవాబు మాత్రం క్లాసు భాషలో రావాలనండి. పాఠం మొదలుపెట్టే ముందు ఐదారు పదాలు పరిచయం చెయ్యండి. అందులో "బాష్పీభవనం" లాంటి శాస్త్ర పదాలు అందరూ చెప్తారు, వాటికి అర్థం పుస్తకంలోనే ఉంటుంది. ఎవరూ చెప్పనివి ప్రశ్నపత్రంలో ఉండే క్రియలు: పోల్చండి, సమర్థించండి, నిరూపించండి, భేదాలు తెలపండి. వివరించమంటే ఎంత రాయాలి, పేర్కొనమంటే ఎంత రాయాలి అన్నది ఇంట్లో అదే భాష మాట్లాడే పిల్లలకి కూడా తెలియదు, అడిగి చూడండి. ఇంకొకటి, వాక్యం మొదలు ఇచ్చెయ్యడం: "ఈ రెండిటికీ పోలిక ఏంటంటే...", "నేను దీన్ని ఒప్పుకోను, ఎందుకంటే..." ఇలాంటివి నాలుగు బోర్డు మూలన ఉంటే, రాయడం మొదలుపెట్టలేక పెన్ను కొరికే పిల్లలు చాలామంది తగ్గుతారు.

ఈ సాయాలు ఎప్పుడు తీసెయ్యాలో కూడా ముందే అనుకోవాలి. వుడ్, బ్రూనర్, రాస్ 1976లో రాసిన వ్యాసం నుంచే ఈ ఊతం ఇవ్వడమనే మాట (ఇంగ్లీషులో స్కాఫోల్డింగ్, అంటే సారవ కట్టడం) విద్యారంగంలో పాకింది. ఇల్లు లేచాక సారవ తీసేస్తారు కదా, అలాగే ఈ ఊతం కూడా కొద్దికొద్దిగా తగ్గాలి. లెక్కల్లో అయితే ముందు పూర్తిగా చేసిన లెక్క చూపించండి, తర్వాత చివరి మెట్టు ఖాళీగా ఉన్నది, తర్వాత సగం ఖాళీగా ఉన్నది, ఆ తర్వాత ఉత్త ప్రశ్న. అందరూ ఒకే చోట మొదలుపెట్టక్కర్లేదు. బాగా వచ్చినవాళ్ళకి పూర్తిగా చేసిన లెక్కలు ఇస్తే మేలు జరగకపోగా అడ్డం పడతాయని కూడా పరిశోధనల్లో తేలింది. ఆ చురుకైన పిల్లలకి మనం సాధారణంగా ఇచ్చే బహుమతి ఏంటంటే, అవే లెక్కలు ఇంకో పది. అది శిక్ష. దానికి బదులు తప్పుగా చేసిన లెక్క ఇచ్చి తప్పెక్కడో పట్టుకోమనండి, లేదా జవాబు ఏడు వచ్చేలా ఒక కథ లెక్క తయారుచెయ్యమనండి. వాళ్ళని రోజూ పక్కవాళ్ళకి చెప్పే చిన్న టీచర్లుగా వాడుకోవడం నాకు నచ్చదు. అప్పుడప్పుడూ పర్లేదు గానీ, వాళ్ళు కూడా నేర్చుకోవడానికే వచ్చారు.

గ్రూపుల గురించి రెండు మాటలు. తెలివిని బట్టి శాశ్వతంగా జట్లు కట్టొద్దు. వాటికి పువ్వుల పేర్లు పెట్టినా, పక్షుల పేర్లు పెట్టినా, ఏ జట్టు ఏంటో పిల్లలకి మొదటి రోజే తెలిసిపోతుంది, ఆ లేబుల్ ఏడాదంతా అంటుకునే ఉంటుంది. ఈ వారం భిన్నాల్లో తడబడ్డవాళ్ళని ఒక పదిహేను నిమిషాలు దగ్గర కూర్చోబెట్టుకోండి, పని అవగానే జట్టు రద్దు. మిగతా సమయంలో కలగలుపు జట్లే మేలు, కాకపోతే ప్రతి ఒక్కరి దగ్గరా మిగతావాళ్ళకి లేని ముక్క ఒకటి ఉండాలి. ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లల్ని కొత్తగా ఒకే బడిలో కలిపి గొడవలు రేగుతున్నప్పుడు చేసింది ఇదే. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చారు, ఆ ముక్క చెప్పేవాడి మాట వినకపోతే మిగతావాళ్ళకి పాఠం పూర్తవదు. ముందు ఒకే ముక్క వచ్చినవాళ్ళంతా ఒకచోట చేరి దాన్ని సరిచూసుకోవాలి, ఆ మెట్టు వదిలేస్తే మెల్లగా చదివే పిల్ల నలుగురి ముందు ఇబ్బందిపడుతుంది.

చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని పిల్లల్ని మూడు రకాలుగా పరీక్షించే ఫారాలు ఇంకా చలామణిలో ఉన్నాయి. వాటి మీద టైమ్ పెట్టకండి. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేస్తే, ఆ రకానికి తగ్గట్టు చెప్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం దొరకలేదు. బొమ్మ, మాట, చేత్తో చేసే పని అన్నీ కలిపితే అందరికీ మంచిదే, అది వేరే సంగతి. మ్యాపు నేర్పడానికి మ్యాపే చూపించాలి, పిల్లవాడు ఏ రకమైనా.

దిద్దడం గురించి కూడా చెప్పాలి, మన సాయంత్రాలన్నీ దానికే పోతాయి కాబట్టి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో, కామెంట్లు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ళు మెరుగవలేదు, మార్కులూ కామెంట్లూ రెండూ అందుకున్నవాళ్ళు కూడా మెరుగవలేదు. అంకె కనపడగానే పక్కనున్న మాటలు ఎవరూ చదవరు. అన్నిసార్లూ మార్కులు మానెయ్యడం మన చేతుల్లో లేదు, రోజువారీ పనిలోనైనా మానొచ్చు. దానికి తోడు పీరియడ్ చివర ఒక చిన్న చీటీ: ఈరోజు పాఠం మీద ఒకే ఒక్క ప్రశ్న, పేరు రాసి ఇచ్చి వెళ్ళాలి. దిద్దక్కర్లేదు, మూడు కుప్పలుగా వెయ్యండి చాలు: వచ్చినవి, సగం వచ్చినవి, అసలు రానివి. రేపు ఎవరి దగ్గరకి ముందు వెళ్ళాలో ఆ కుప్పలే చెప్తాయి. సగం వచ్చినవాటి కుప్ప పెద్దగా ఉంటే ఆ పాఠం మళ్ళీ వేరేలా చెప్పాలి, సిలబస్ టెన్షన్ ఉన్నా సరే.

ఇవన్నీ చేసినా కొందరు పిల్లలు కదలరు. అప్పుడు మనకి మించిన సాయం కావాలి: చెవి పరీక్షో, కంటి పరీక్షో, స్పెషల్ ఎడ్యుకేటరో. ఆ స్థితిలో టీచర్లు చేసే మామూలు పని, పిల్లవాడికి ఒక పేరు పెట్టెయ్యడం. "వీడికి ఏడీహెచ్‌డీ అనుకుంటా" అని తల్లిదండ్రులతో అనెయ్యడం. అది చెప్పే అర్హత మనకి లేదు, వాళ్ళకి భయం తప్ప దాని వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. మన దగ్గర ఉన్నది, ఇంకెవరి దగ్గరా లేనిది, రోజూ చూస్తుండడం. కాబట్టి తేదీ వేసి చూసింది చూసినట్టు రాయండి. "ఏకాగ్రత లేదు" అని కాకుండా, "చదివే పనిలో ఐదు నిమిషాలకి లేచిపోతాడు, చేత్తో చేసే పనిలో అరగంట కదలడు, కిటికీ దగ్గర కూర్చోబెడితే రెండు పనుల్లోనూ ఇంకా త్వరగా లేచాడు, ముందు వరుసలో పక్కన ఎవరూ లేకపోతే కొంచెం నయం" అని. ఏం ప్రయత్నించారో, అది ఎంతవరకు పనిచేసిందో కూడా అందులోనే రాసిపెట్టండి. పరీక్ష చేసే డాక్టరు మొదట అడిగేవి ఇవే, వచ్చే ఏడాది ఆ క్లాసు తీసుకునే టీచరు కూడా మళ్ళీ మొదటి నుంచి కనుక్కునే పని ఉండదు.